టెలిస్కోపు అద్దం గుంటని ముట్టుకోకుండా కొలవడం ఎలాగ? 6 అంగుళాలది, పాలిష్ అయిపోవస్తోంది

మహేంద్రతనయ, పర్లాకిమిడి

అందరికీ నమస్కారం. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు మాది, కాబట్టి మాట్లాడినట్టే రాస్తాను, తప్పులు పట్టకండి.

నేను బళ్ళో సైన్సు చెప్తాను. తొమ్మిదో తరగతి పిల్లలు ఆరుగురూ నేనూ కలిసి ఏడు నెలల్నుంచి ఒక టెలిస్కోపు అద్దం రుద్దుతున్నాం. న్యూటన్ రకం, 150 మిల్లీమీటర్ల వెడల్పు, 20 మిల్లీమీటర్ల మందం ఉన్న మామూలు గాజు బిళ్ళ, ఫోకల్ లెంగ్త్, అంటే ఎండని చుక్కగా చేర్చే దూరం, 1200 రావాలని లెక్క. 80 నంబరు కార్బోరండం పొడితో మొదలెట్టి 120, 220, 400, 600 అన్నీ అయ్యాయి, ఇప్పుడు పిచ్ ల్యాపు (తారులాంటి పిచ్‌తో చేసిన పాలిష్ బిళ్ళ) మీద సీరియం ఆక్సైడు నీళ్ళు వేసి పాలిష్ పడుతున్నాం. బడి వదిలేక గంట, ఆదివారం మూడు గంటలు. ఇంట్లో స్టీలు గిన్నెల దగ్గర్నుంచి దుప్పట్ల దాకా అంతా ఆ పొడే, మా ఆవిడ మాట్లాడ్డం మానేసింది, సరే అది వేరే విషయం.

రుద్దుతున్నన్నాళ్ళూ కొలత కష్టం కాలేదు. స్టీలు స్కేలు అడ్డంగా నిలబెట్టి మధ్యలో మెకానిక్కుల ఫిల్లర్ గేజ్ ఆకులు దూర్చి చూసేవాళ్ళం, మధ్యలో లోతు 1.17 మిల్లీమీటర్లు రావాలి, వచ్చింది. ఆ తర్వాత గరుకు గాజుని నీళ్ళతో తడిపి డాబా మీద ఎండకి చూపిస్తే గోడ మీద చుక్క 1200 దగ్గరే పడింది. కానీ ఇప్పుడు అద్దం మెరుస్తోంది, దాని మీద స్కేలు పెట్టాలంటే చెయ్యి రావట్లేదు. మా బావమరిది లేతు షాపులో డయల్ గేజ్ ఉంది తెస్తానన్నాడు, సూది ఆనితే గీత పడుతుందేమో అని వద్దన్నాను. ఒక కుర్రాడు వాళ్ళన్నయ్య ఫోనులో త్రీడీ స్కాన్ యాప్ పెట్టి అద్దం చుట్టూ తిరిగాడు, తీరా చూస్తే అద్దం ఉన్నచోట గొయ్యి, గోతిలో మా సీలింగు ఫ్యాను!

గాజుని ముట్టుకోకుండా దాని ఒంపు కొలిచే పద్ధతులు ఏమేం ఉన్నాయి, వాటిలో ఇంట్లో చేసుకోగలిగేది ఏది, 1500 రూపాయల లోపు అయితే బాగుణ్ణు. గుంట గోళంలా ఉందా, పారాబోలా (అంచు వైపు ఒంపు కొంచెం తగ్గుతూ పోయే ఆకారం, టెలిస్కోపుకి కావాల్సింది అదే) అయిందా అన్నది తెలియాలి, అదీ అసలు ప్రశ్న. ఖండపడాలో పఠాణి సామంత గారు దుర్భిణీ లేకుండా వెదురుతో చేసుకున్న సాధనాలతోనే గ్రహాల్ని కొలిచేశారు, మేం చేతిలో ఉన్న అద్దాన్ని కొలవలేకపోతున్నాం అని పిల్లలు వెక్కిరిస్తున్నారు.

బరంపురం కళ్ళద్దాలు

మాస్టారూ నమస్తే. నాకు టెలిస్కోపుల గురించి ఏమీ తెలీదు గానీ ముట్టుకోకుండా ఒంపు కొలవడం అంటే అది మా రోజు పనే. మా షాపులో కెరటోమీటరు అని ఉంటుంది, గడ్డం ఆనించి కూచోమంటాం కదా అదే. వెలుగుతున్న వలయాన్ని కంటి ముందు పెడితే నల్లగుడ్డు మీద దాని నీడబొమ్మ పడుతుంది, ఆ బొమ్మ ఎంత చిన్నదయితే ఒంపు అంత ఎక్కువ. అంతకన్నా మంత్రం లేదు. మామూలు కంట్లో ముందు పొర వ్యాసార్ధం 7.8 మిల్లీమీటర్లు అటూ ఇటూ ఉంటుంది, మా లెక్కలో 43 పవరు. వలయం గుడ్డులా సాగి కనిపిస్తే సిలిండరు, అంటే ఒకవైపు ఒంపు ఎక్కువ, ఉన్నట్టు.

దీనికన్నా పాతది ప్లాసిడో బిళ్ళ, 1880 నాటిది, తెల్ల అట్ట మీద నల్ల వలయాలు ఒకదాన్లో ఒకటి, మధ్యలో చిన్న కన్నం, ఆ కన్నంలోంచి కంటిని చూస్తారు, వలయాలు ఎక్కడ దగ్గరయ్యాయో అక్కడ ఒంపు ఎక్కువ. మీరు కూడా వలయాలు ప్రింటు తీయించి మధ్యలో కన్నం పెట్టి ఫోను కెమెరా ఆనించి మీ అద్దాన్ని ఫొటో తీసి చూడండి. మీది లోపలికి గుంట కాబట్టి బొమ్మ వేరేగా వస్తుంది, అయినా ఒకవైపు నొక్కుడు ఉంటే గుడ్డులా సాగి కనబడాలి. పది రూపాయల ఖర్చు.

ఫోను స్కానరు ఎందుకు పని చేయలేదంటే కూడా ఇదే, మనం గాజుని చూడం మాస్టారూ, గాజులో కనిపించేదాన్ని చూస్తాం. ఫోనుకి ఆ తేడా తెలీదు, మీ ఫ్యానుని నిజం ఫ్యాను అనుకుంది.

పాత ఫిట్టరు, రాయగడ

మాస్టారూ, పైన కళ్ళద్దాల బాబు చెప్పింది మూలం సరిగ్గానే చెప్పాడు, కాకపోతే వలయాలతో తేలే పని కాదు ఇది. మీ అద్దం గోళం అయితే ఎలా ఉంటుందో పారాబోలా అయితే ఎలా ఉంటుందో ఆ రెండింటినీ నడిమధ్యన కలిసేలా ఆనించి చూస్తే అంచు దగ్గర తేడా 0.29 మైక్రాను, అంటే మిల్లీమీటరులో మూడు వేల అయిదొందలో వంతు. డయల్ గేజ్ ముల్లు దానికి కదలను కూడా కదలదు. మీ బావమరిదిని గేజ్ ఇంట్లోనే ఉంచుకోమనండి.

దీనికి ఫూకో పద్ధతి ఒకటే. లియో ఫూకో, భూమి తిరుగుతోందని పెద్ద లోలకం వేలాడదీసి చూపించినాయన, ఆయనే 1858లో కనిపెట్టాడు, ఇప్పటికీ ఇంట్లో అద్దాలు రుద్దేవాళ్ళకి అదే దిక్కు. ఉద్యోగంలో ఉండగా ఒకటీ రిటైరయ్యాక రెండూ అద్దాలు చేశాను, మూడూ దీంతోనే.

సామాను: ఒక తెల్ల ఎల్ఈడీ, దాని ముందు వంటింటి అల్యూమినియం రేకు, రేకుకి సన్న సూదితో చిల్లు. ఒక కొత్త షేవింగు బ్లేడు. 6 ఎంఎం బోల్టు ఒకటి నట్టుతో సహా, దాని మర ఒక చుట్టుకి 1 మిల్లీమీటరు జరుగుతుంది, అదే మీ కొలబద్ద. బోల్టు తలకి గుండ్రటి అట్ట అంటించి 20 గీతలు గీసుకుంటే గీతకి 0.05 మిల్లీమీటరు. ప్లైవుడ్డు ముక్కలు ఇంట్లో ఉంటాయి. మొత్తం కలిపి 200 దాటదు.

అద్దాన్ని నిలబెట్టండి, దానికి ఎదురుగా 2400 మిల్లీమీటర్ల దూరంలో, అంటే ఫోకల్ లెంగ్త్‌కి రెట్టింపు దూరంలో, చిల్లు దీపం పెట్టండి. అక్కణ్ణుంచి బయల్దేరిన వెలుగు అద్దానికి తగిలి మళ్ళీ అక్కడికే వచ్చి చుక్కలా చేరుతుంది. పూత లేని గాజు వందలో నాలుగు వంతులే తిప్పి పంపుతుంది, చీకటి గదిలో ఆ నాలుగు వంతులే ఎక్కువ. ఆ చుక్క వెనకాల కన్ను పెడితే అద్దం మొత్తం పున్నమి చంద్రుడిలా వెలుగుతుంది. ఇప్పుడు బ్లేడుని పక్కనుంచి మెల్లగా ఆ చుక్కకి అడ్డం తీసుకురండి. అద్దం గోళమే అయితే మొత్తం ఒక్కసారే బూడిదరంగులోకి మాసిపోతుంది. నీడ బ్లేడు వచ్చిన వైపు నుంచే వస్తే మీరు అద్దానికి దగ్గరగా ఉన్నారు, ఎదురు వైపు నుంచి వస్తే దూరంగా ఉన్నారు. పారాబోలా అయితే మధ్యలో గుంటా చుట్టూ గట్టూ ఉన్న గారెలాగ కనిపిస్తుంది. నిజంగా గారె అనే అనిపిస్తుంది, నేను మొదటిసారి చూసి మా అమ్మాయిని పిలిచి చూపించాను.

ఇంకోటి, ముట్టుకోకూడదు అంటే గీతలు పడతాయనే అనుకుంటున్నారు మీరు. బ్లేడు పరీక్ష పెట్టి ఉండగా ఒక కుర్రాడిని వెళ్ళి అద్దం మీద బొటనవేలు పది సెకన్లు ఆనించి రమ్మనండి. తీసేశాక చూడండి, వేలు పెట్టినచోట మెటిక ఉబ్బినట్టు బొడిపె లేచి ఉంటుంది, కొన్ని నిమిషాలకి గానీ దిగదు. మామూలు గాజు ఒక డిగ్రీకి మీటరుకి 9 మైక్రాన్లు సాగుతుంది, మీ 20 మిల్లీమీటర్ల మందానికి లెక్కేస్తే 0.18 మైక్రాను. మీరు కొలవాలనుకునే తేడా ఎంతో పైన రాశాను కదా, పోల్చి చూసుకోండి. అందుకే పాలిష్ పట్టిన వెంటనే కొలవకూడదు, కడిగి నిలబెట్టి గంటన్నర వదిలెయ్యాలి. ఫ్యాను ఆపాలి. అద్దానికీ మీకూ మధ్య కింద నేల మీద ఎవరూ కూచోకూడదు, ఒంటి వేడి కూడా ఆవిరిలా కనిపిస్తుంది. అర చెయ్యి ఆ దారికి కింద పెట్టి చూపించండి పిల్లలకి, చేతిలోంచి వేడి గాలి పొగలా లేవడం కనబడుతుంది, ఆ రోజు ఇంక పాఠం అక్కర్లేదు.

కొలవడం: అట్టకి కిటికీలు కోసి అద్దం మీద తొడగండి, మధ్య నుంచి ఇటూ అటూ 25 మిల్లీమీటర్ల దగ్గర ఒక జత, 70 దగ్గర ఒక జత. ఒక జతలో రెండు కిటికీలూ ఒకేసారి మాసేదాకా బ్లేడుని ముందుకీ వెనక్కీ జరిపి బోల్టు రీడింగు రాయండి. అద్దం మధ్య నుంచి కిటికీకి ఉన్న దూరాన్ని దానితోనే గుణించి 2400తో భాగిస్తే బ్లేడు ఎంత జరగాలో వస్తుంది. 70కి 2.04, 25కి 0.26, రెండింటికీ తేడా 1.78 మిల్లీమీటర్లు రావాలి. అయిదుసార్లు చూసి సగటు తీయండి, ఒక్కసారి చూసి నమ్మొద్దు.

గుణుపురం టు గాజువాక

పాత ఫిట్టరు గారు అంతా బాగా రాశారు, ఒక్కటి మాత్రం సరిచేస్తున్నా, 2400తో కాదండీ 4800తో భాగించాలి, నేను చదివింది అదే. అంటే 70కి 1.02, 25కి 0.13, తేడా 0.89.

నేను పుట్టింది గుణుపురం, చిన్న రైలు నడిచే రోజుల్లో పర్లాకిమిడి మీదుగానే వచ్చేవాళ్ళం, ఇప్పుడు ఇక్కడ గాజు ఫ్యాక్టరీలో క్వాలిటీ చెకింగు. కార్లకీ లారీలకీ ముందు అద్దాలు. మాస్టారు అన్ని పద్ధతులూ అడిగారు కాబట్టి ఇండస్ట్రీలో ఏం చేస్తారో చెప్తా.

మామూలు లేజరు స్కానరు గాజు మీద దెబ్బతింటుంది ఎందుకంటే వెలుగు చాలావరకు లోపలికి దూరిపోతుంది, తిరిగొచ్చిన కొంచెం కూడా అద్దంలోలాగ ఒకే వైపుకి పోతుంది, సెన్సరు ఆ వైపు లేకపోతే అంతే సంగతులు, పైగా వెనక తలం నుంచి ఇంకో చుక్క తిరిగొస్తుంది, ఏది అసలో ఏది దొంగో తేలదు. దానికి ఒక దారి తెల్లపొడి స్ప్రే కొట్టడం, కొన్ని గంటల్లో దానంతటదే ఆవిరైపోయే స్ప్రేలు కూడా ఉన్నాయి. కానీ పొడి మందమే కొన్ని మైక్రాన్లు, కాబట్టి టెలిస్కోపు అద్దానికి పనికిరాదు, అద్దాన్ని కాదు పొడిని కొలిచినట్టవుతుంది.

మేం ఎక్కువ వాడేది డిఫ్లెక్టోమెట్రీ. పెద్ద స్క్రీను మీద నలుపూ తెలుపూ చారలు వేస్తాం, కెమెరా స్క్రీనుని చూడదు, గాజులో పడిన చారల్ని చూస్తుంది. గాజు ఎక్కడైనా కొంచెం వాలితే చారలు అక్కడ వంకర పోతాయి, గాజు ఎంత కోణం వాలిందో తిరిగొచ్చే వెలుగు దానికి రెట్టింపు వాలుతుంది కాబట్టి చిన్న తప్పు కూడా పెద్దగా కనిపిస్తుంది. చారల్ని నాలుగుసార్లు కొంచెం కొంచెం జరిపి నాలుగు ఫొటోలు తీసి ప్రతి చుక్క దగ్గరా వాలు లెక్కకడతాం, వాలులన్నీ కలుపుకుంటూ పోతే ఎత్తులు వస్తాయి. బరంపురం ఆయన చెప్పిన వలయాల బిళ్ళకి ఇది మనవడు అనుకోండి. ఇక్కడ కూడా వెనక తలం దొంగ చారలు తగులుతాయి, గాజు లోపలికి దూరని అల్ట్రావయొలెట్ వెలుగు వాడితే ఆ గోల తగ్గుతుంది.

ఫోన్ల ఒంపు గాజులకీ చిన్న లెన్సులకీ ఇంకోటి ఉంది, క్రోమాటిక్ కన్ఫోకల్ అంటారు. తెల్ల వెలుగుని కావాలనే రంగులుగా విడగొట్టి ఒక్కో రంగు ఒక్కో ఎత్తులో చుక్క కట్టేలా చేస్తారు, గాజు తలం ఏ ఎత్తులో ఉందో ఆ రంగే గట్టిగా తిరిగొస్తుంది, రంగు చూసి ఎత్తు చెప్పెయ్యొచ్చు. పై తలం ఒక రంగూ కింది తలం ఇంకో రంగూ ఇస్తాయి కాబట్టి మందం కూడా తెలిసిపోతుంది. దాని ధర మాత్రం అడక్కండి.

మీకు ఇంట్లో కుదిరేవి రెండున్నాయి. ఒకటి రాంకీ, ఇటలీ ఆయన పేరు, 1923 నాటిది. బ్లేడు బదులు సన్న గీతల ఫిల్ము పెట్టడమే, అంగుళానికి 100 గీతలు చాలు, మీ ఊళ్ళో ఆఫ్‌సెట్ ప్రెస్సుకి పాజిటివ్ ఫిల్ము తీసేవాళ్ళుంటే గీతలు తీయించుకోండి. గోళమైతే గీతలు నిటారుగా కనిపిస్తాయి, లేకపోతే వంగుతాయి, అంచు కిందికి జారిపోయి ఉంటే గీతల కొసలు కొక్కేల్లా తిరుగుతాయి. అంకెలు రావు గానీ ఒక్క చూపులో జబ్బు ఏంటో తెలుస్తుంది. రెండోది బాత్ ఇంటర్‌ఫెరోమీటరు, లేజరు పాయింటరు, ఒక బీమ్ స్ప్లిటర్ ఘనం (వెలుగుని రెండుగా చీల్చేది), చిన్న లెన్సు, చిన్న అద్దం. చీలిన రెండు వెలుగులూ మళ్ళీ కలిసినచోట చారలు కడతాయి. 650 నానోమీటర్ల ఎర్ర లేజరుతో ఒక చారకీ ఇంకో చారకీ మధ్య 325 నానోమీటర్ల ఎత్తు తేడా. ఇది మాత్రం ఓపిక పని, మొదటిసారి సర్దుకోడానికి నాకు మూడు రాత్రులు పట్టింది.

సిరోంచ జీపు

అన్నా నడుమల దూరుతున్న ఏమనుకోకుర్రి. మాది సిరోంచ, ప్రాణహిత ఒడ్డు. నా దగ్గర పాత వ్యాను ఉన్నది, దాని ఎనక అద్దం పలిగింది, కంపెనీ ఆ మోడల్ బంద్ జేశింది. ఒంపు అద్దం కొత్తగ చేపిస్త అంటే కొలత ఇయ్యి అంటున్నరు. దోస్తు తాన అసుంటి వ్యానే ఉన్నది, అద్దం మంచిగనే ఉన్నది గని ఊడదీసుడుకు ఒప్పుకుంటలేడు. ఫోన్ల స్కాన్ చేస్తె మాస్టరుకు అయినట్టే నాగ్గూడ బొక్క పడ్డది. ఆ బ్లేడు దీపం పెడితె నడుస్తదా?

గుణుపురం టు గాజువాక

సిరోంచ అన్నా, బ్లేడు దీపం నీ పనికి కాదు, అది మైక్రాన్ల లెక్క, నీకు ఒకటి రెండు మిల్లీమీటర్లు చాలు, రబ్బరు బీడింగు మిగతాది సర్దుకుంటుంది. అద్దం మీద ముఖానికి రాసే పౌడరు నీళ్ళలో కలిపి బట్టతో పల్చగా అద్దు, ఆరాక తెల్లగా మసకబారుతుంది. దాని మీద బడి పిల్లలు అంటించుకునే చిన్న గుండ్రటి రంగు స్టిక్కర్లు వందా నూటయాభై అంటించు, వరసలో కాదు, చెల్లాచెదురుగా. పక్కన స్టీలు స్కేలు ఒకటి ఆనించి పెట్టు, లేకపోతే ఆకారం వస్తుంది గానీ సైజు రాదు. నీడ పట్టున చుట్టూ తిరుగుతూ యాభై అరవై ఫొటోలు తియ్యి, జూమ్ మార్చకు, ఫ్లాష్ వెయ్యకు. ఫొటోల్నుంచి త్రీడీ చేసే ఉచిత సాఫ్ట్‌వేరులో వేస్తే స్టిక్కర్ల చుక్కలు గాల్లో నిలబడి వస్తాయి, ఆ చుక్కల మీదుగా తలం గీయించుకోవడమే. తడిబట్టతో తుడిస్తే దోస్తు అద్దం దోస్తుకి.

సిరోంచ జీపు

గిది మంచిగుంది. పౌడరు డబ్బ ఇంట్లనే ఉన్నది.

మహేంద్రతనయ, పర్లాకిమిడి

మూడు వారాలు మాట్లాడలేదు, క్షమించాలి. అందరికీ థాంక్సులు, ముఖ్యంగా పాత ఫిట్టరు గారికి.

పరికరం చేసేశాం. మా ఇంటి హాల్లో 2400 దూరం కుదర్లేదు, మధ్యలో ఫ్రిజ్జు అడ్డం, బడి వరండాలో రాత్రి పెట్టాం. మొదటి రోజు ఏమీ కనబడలేదు, చుక్క ఎక్కడ పడుతోందో వెతుక్కోడానికే గంట పోయింది, ఆఖరికి తెల్ల కాయితం అడ్డం పెట్టి పట్టుకున్నాం. రెండో రోజు అద్దంలో నీడలు నదిలో నీళ్ళలాగ పారుతూనే ఉన్నాయి, అద్దమంతా పాడైపోయిందనుకుని ఒక పిల్ల ఏడ్చినంత పని చేసింది, చూస్తే పక్క గదిలో వాచ్‌మాన్ గారు అన్నం వండుకుంటున్నారు, ఆ వేడి కిటికీలోంచి వస్తోంది! ఆయన తినేసి పడుకున్నాక అంతా సద్దుమణిగింది. బొటనవేలు పరీక్ష కూడా చేశాం. ఆరుగురూ ఆరు వేళ్ళూ పెట్టేశారు, బొడిపెలు దిగేదాకా ఇరవై నిమిషాలు ఎవర్నీ అద్దం దగ్గరికి వెళ్ళనివ్వలేదు.

గారె కనిపించింది. పల్చటి గారె, కానీ గారె.

ఇప్పుడు అంకెలు. అయిదేసి సార్లు చూసి సగటు తీస్తే 25 కిటికీకీ 70 కిటికీకీ తేడా 0.9 మిల్లీమీటర్లు వచ్చింది. గాజువాక గారి లెక్క ప్రకారం 0.89 కావాలి, అంటే పారాబోలా అయిపోయినట్టే కదా! పిల్లలు బిస్కెట్లు పంచేశారు. కానీ పాత ఫిట్టరు గారి లెక్క ప్రకారం 1.78 రావాలి, అంటే సగమే అయినట్టు. ఇద్దరిలో ఎవరిది రైటు? పిల్లలకి ఏం చెప్పమంటారు?

పాత ఫిట్టరు, రాయగడ

ఇద్దరిదీ రైటే. ఒక్క మాట చెప్పండి మాస్టారూ, బోల్టు తిప్పినప్పుడు బ్లేడు ఒక్కటే జరుగుతోందా, దీపం కూడా దాంతోపాటు జరుగుతోందా?

మహేంద్రతనయ, పర్లాకిమిడి

బ్లేడు ఒక్కటే. దీపం పక్కన ఇటుక మీద వేరేగా ఉంది.

పాత ఫిట్టరు, రాయగడ

అయితే మీకు నా లెక్క వర్తిస్తుంది, 2400తో భాగించాలి. దీపమూ బ్లేడూ ఒకే చెక్క మీద ఉండి రెండూ కలిసి జరిగితే గాజువాక బాబు లెక్క, 4800. దీపం కూడా జరిగినప్పుడు సగం దూరం జరిగితేనే సరిపోతుంది కాబట్టి. తప్పు నాదే, దీపం కదలకుండా ఉంచమని ముందే రాయాల్సింది, నాకు అలవాటైపోయి రాయలేదు. మీరు పారాబోలా వైపు సగం దూరం వచ్చారు.

సిగ్గుపడాల్సిన పనేం లేదు, దీనికన్నా పెద్దవాళ్ళకీ అయింది. హబుల్ టెలిస్కోపు 1990లో పైకి పంపారు కదా, 2.4 మీటర్ల అద్దం, అంత నున్నటి అద్దం అప్పటికి ఎవరూ చేసి ఉండరు, కానీ అంచు దగ్గర 2.2 మైక్రాన్లు ఎక్కువ చదునుగా అయిపోయింది. అద్దాన్ని రుద్దిన చెయ్యి తప్పు కాదు. దాన్ని ముట్టుకోకుండా కొలిచే పరికరంలో ఒక లెన్సు 1.3 మిల్లీమీటర్లు తప్పు చోట ఉంది. కొలకడ్డీ చివర మూత మీద నల్లరంగు కొంచెం పెచ్చు లేచిందట, లేజరు కడ్డీకి తగలాల్సింది పోయి ఆ మూతకి తగిలి తిరిగొచ్చింది, దాన్ని చూసి లెన్సు బిగించేశారు. వేరే పరీక్షల్లో తేడా కనబడింది కూడా, అవి అంత నిక్కచ్చి పరికరాలు కావులే అని పక్కన పెట్టేశారు. 1993లో వెళ్ళి కళ్ళద్దాలు తొడిగొచ్చారు. కాబట్టి అద్దాన్ని కొలిచే ముందు కొలిచేదాన్ని కొలుచుకోండి, మీ బోల్టు నిజంగా చుట్టుకి ఒక మిల్లీమీటరు జరుగుతోందా లేదా అని పది చుట్లు తిప్పి స్కేలుతో చూశారా?

మహేంద్రతనయ, పర్లాకిమిడి

చూశాం, పది చుట్లకి 10 మిల్లీమీటర్లే. అది బావమరిది చేయించాడు, డయల్ గేజ్ తెచ్చి! అన్నాళ్ళకి ఆ గేజ్‌కీ పని పడింది. సరే, అయితే మళ్ళీ ల్యాపు ఎక్కించి ఇంకో సగం రుద్దమంటారా?

గుణుపురం టు గాజువాక

ఫిట్టరు గారూ ఒప్పుకుంటున్నా, నేను దీపం సంగతి అడక్కుండా లెక్క ఇచ్చేశాను. మాస్టారూ, ఇంకో పది నిమిషాలు మధ్యలో ఎక్కువ నొక్కుతూ పొడవు స్ట్రోకులు వేస్తే వచ్చేస్తుంది, సగంలో ఎందుకు వదలాలి.

పాత ఫిట్టరు, రాయగడ

వదలండి. నా మాట వినండి. ముట్టుకోవద్దు ఇంక.

లెక్క చెప్తాను. మీది ఎఫ్ 8, అంటే ఫోకల్ లెంగ్త్ వెడల్పుకి ఎనిమిది రెట్లు, ఒంపు చాలా తక్కువ. ఇంత తక్కువ ఒంపు ఉన్న 6 అంగుళాల అద్దాన్ని అసలు పారాబోలా చెయ్యకుండా ఉత్త గోళంగా వదిలేసినా, రెండింటినీ బాగా కుదిర్చి పోలిస్తే గాజు మీద తేడా 70 నానోమీటర్లు (ముందు రాసిన 0.29 మైక్రాను నడిమధ్యన మాత్రం ఆనించి చూసిన లెక్క). వెలుగు తగిలి తిరిగొచ్చేది కాబట్టి అది రెట్టింపు, 140. ఆకుపచ్చ వెలుగు తరంగం పొడవు 550, దాన్లో పావు వంతు 137. పావు తరంగం లోపు ఉంటే అద్దం పనికొస్తుందని పాతకాలం నుంచీ ఉన్న లెక్క. అంటే గోళమే గీత మీద ఉంది, మీరు దాన్లోంచి సగం దూరం వచ్చేశారు, ఎనిమిదో వంతు తరంగం దగ్గర ఉన్నారు. గాజువాక బాబు కుర్రాడు, చెయ్యి ఊరుకోదు. నా రెండో అద్దం ఇలాగే ఇంకో పది నిమిషాలు అని అంచు జార్చేసుకున్నాను, మళ్ళీ 600 నంబరు పొడి దగ్గర్నుంచి మొదలెట్టాల్సొచ్చింది, నాలుగు నెలలు.

అంచు ఎలా ఉందో ఒక్కసారి గీతల ఫిల్ము పెట్టి చూడండి. కొసలు కొక్కేలు తిరక్కపోతే అద్దం అయిపోయింది.

బరంపురం కళ్ళద్దాలు

నేను కూడా ఫిట్టరు గారి వైపే. మా దగ్గర పావు పవరు తేడా ఉంటే చాలామంది కళ్ళద్దాలే పెట్టుకోరు.

మహేంద్రతనయ, పర్లాకిమిడి

ఫిల్ము తీయించాం, ప్రెస్సాయన డబ్బులు తీసుకోలేదు, అద్దం అయ్యాక చంద్రుణ్ణి చూపించమన్నాడు. గీతలు మధ్యలో కొంచెం ఉబ్బినట్టు వంగాయి, కొసలు మాత్రం జారలేదు, కొక్కేలు లేవు. పిల్లల్లో నలుగురు ఇంకా రుద్దుదామన్నారు, ఇద్దరు చాలన్నారు, నేను ఫిట్టరు గారి పోస్టు చదివి వినిపించాక ల్యాపు కడిగేశాం.

అల్యూమినియం పూత ఎక్కడ వేయించాలో ఇంకా తేల్లేదు. ఆగలేక పూత లేకుండానే నిన్న రాత్రి పీవీసీ గొట్టంలో పెట్టేశాం, అడ్డంగా పెట్టే చిన్న చదును అద్దం కొన్నది ఉంది, 25 మిల్లీమీటర్ల ఐపీసు, 48 రెట్లు. వందలో నాలుగు వంతుల వెలుగేగా అనుకున్నాం, అష్టమి దాటిన చంద్రుడికి అదే ఎక్కువ, కన్ను కూడా చిట్లించక్కర్లేదు. వెలుగూ చీకటీ కలిసేచోట గుంటలన్నీ నీడలతో నిలబడి ఉన్నాయి. ప్రెస్సాయన వచ్చాడు, వాచ్‌మాన్ గారు వచ్చారు, మా ఆవిడ కూడా వచ్చింది. చాలాసేపు చూసి, దీనికా ఇంట్లో దుప్పట్లన్నీ పాడుచేశారు అంది, మళ్ళీ లైనులో వెనక్కెళ్ళి నిలబడింది.